ఆకుమడిలోని ఆటగాండ్రు



నేటి ప్రసంగమునకు నేను తీసికొన్న విషయము, ఇంకను పేరు రాని పిల్లల ఆటను తూచుట ఎట్లు అనునది. పేరు వచ్చినవారిని మెచ్చుకొనుటకు ఎవరి సాయమును అక్కరలేదు. పత్రికలు వారి బొమ్మలు వేయును. ప్రభుత్వము బహుమానము లిచ్చును. ఊరివారు మేళతాళములతో ఊరేగింతురు. అంతకు పదేండ్ల క్రిందట అదే పిల్లవాడు ఏ మండలపు పోటీలోనో రెండవ ఆటలోనే ఓడి, తండ్రి వెంట ఆఖరి బస్సుకొరకు నిలిచియుండును. ఆనాడు వానిలో ఏమున్నదో చెప్పగలవారెవరు? కష్టమైన పని అది.

ఆ పని జట్టులను ఎంచువారిదే కాదు, మీదియు అగుచున్నది. ఏలయన, మన గ్రామములలో బిడ్డ సంగతి తోచనప్పుడు తండ్రి మొదట వచ్చునది మీ అరుగు మీదికే. “మా వాడు బాగా ఆడుతున్నాడని పంతులుగారంటున్నారండి. పట్నం పంపమంటున్నారు. అరెకరం తాకట్టు పెట్టి పంపమంటారా?” అని అడుగును. మీరు పంపుమనిన పంపును, వలదనిన మానును. ఆ ఒక్క మాట మీద ఒక బిడ్డ బ్రతుకును ఒక కుటుంబపు భూమియు ఆధారపడియుండును. కావున ఆ మాట చెప్పుటకు ముందు ఏమి చూడవలెనో, ఏమి అడుగవలెనో నాకు తోచినంత మనవి చేసెదను.

ఈ పనిని ఒక విద్యగా పెంచినవారు అమెరికావారు. వారి దేశమున బేస్‌బాల్ అను ఆట కలదు. అది కొంత మన క్రికెట్టును పోలియుండును. గుండ్రని కఱ్ఱతో బంతిని కొట్టి, నాలుగు మూలల గడులను చుట్టివచ్చినచో ఒక పరుగు లెక్కకు వచ్చును. 1919 తరువాతి యేండ్లలో సెయింట్ లూయీ పట్టణపు కార్డినల్స్ జట్టు వ్యవహారములు బ్రాంచ్ రికీ అనునాయన చూచుచుండెను. ఆ జట్టు చేతిలో సొమ్ము తక్కువ. పేరుపడిన ఆటగాండ్రను వేలము పాటలో వలె ధనిక జట్లు ఎగరవేసికొని పోవుచుండెను. రికీగారు ఆలోచించి, కొనలేనివానిని పండించుకొనవలెనని నిశ్చయించెను. చిన్న చిన్న పట్టణముల జట్లలో భాగములు కొని, పేరులేని యువకులను వందలకొలదిగా చేర్చి, అడుగు మెట్టు నుండి పై మెట్టునకు వారిని పెంచుకొనుచు వచ్చెను. 1926లో ఆ బీద జట్టే దేశపు అత్యున్నత పోటీలో విజయము పొందెను. పిమ్మట 1931లోను, 1934లోను మరల గెలిచెను. ఆ యేర్పాటును అక్కడివారు ‘ఫారమ్’ అందురు. ఫారమ్ అనగా సేద్యపు క్షేత్రము. నేడు అక్కడ పెద్ద జట్లు 30 కలవు. 2021 నుండి ఒక్కొక్క పెద్ద జట్టు క్రింద నాలుగు మెట్లుగా నాలుగు చిన్న జట్లు, మొత్తము 120 జట్లు, ఏర్పాటు చేయబడినవి.

గోదావరి డెల్టా రైతునకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. ఇది మన ఆకుమడియే. మొలక దశలో అన్నియు ఒకే పచ్చదనముతో కనుపించును. ఏ మొలక దుబ్బు కట్టునో, ఏది తాలుగా పోవునో ఆనాడే చెప్పుట కష్టము. అయినను రైతు గుడ్డిగా ఊహింపడు. విత్తన మెక్కడిదో, ఆకు వయస్సెంతయో, వేరు తెల్లగా నున్నదో లేదో చూచును. ఆటగానిని చూచుట కూడ ఇట్టిదే.

మన దేశమునను మెట్లున్నవి. క్రికెట్టులో 16 ఏండ్లలోపు వారికి విజయ్ మర్చంట్ ట్రోఫీ, 19 ఏండ్లలోపు వారికి కూచ్ బిహార్ ట్రోఫీ, 23 ఏండ్లలోపు వారికి కల్నల్ సి. కె. నాయుడు ట్రోఫీ, ఆపైన రంజీ ట్రోఫీ. ఆ నాయుడుగారు తెలుగువారే. నాగపురమున జన్మించి, 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకత్వము వహించిరి. అప్పటికి ఆయన వయస్సు 36 ఏండ్లు. ఆంధ్ర జట్టు 1953–54లో రంజీ పోటీలలో ప్రవేశించెను. ఈ మెట్లలో పై మెట్టు మీద నున్నవారు పదిమంది యైనచో, క్రింది మెట్ల మీద నున్నవారు వేలు. మన మాట వారిని గురించియే.

మొదట అడుగవలసిన ప్రశ్న: ఈ పిల్లవాడు ఈ పరుగులు ఎవరిమీద చేసెను? ఎక్కడ చేసెను? ఏ బంతితో చేసెను? వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత, దాళ్వా కోతలైన చేలలో మన పిల్లలు టెన్నిసు బంతితో ఆడుదురు. అక్కడ వంద పరుగులు తీసిన పిల్లవాడు ఊరికి వీరుడు. కాని టెన్నిసు బంతి దేహమునకు తగిలినను నొప్పి లేదు, గాలిలో వంకర తిరుగుటయు స్వల్పము. గట్టి తోలు బంతి చెవి ప్రక్కగా దూసికొని పోవునప్పుడు అదే పిల్లవాడు ముందుకు అడుగు వేయునో, వెనుకకు జంకునో చూచినదాక ఆ వంద పరుగులకు విలువ కట్టరాదు. తన కంటె బలవంతుల మీద తీసిన ముప్పది పరుగులు, బలహీనుల మీద తీసిన నూరు పరుగుల కంటె ఎక్కువ సంగతి చెప్పును. కావున ఎవరైనను లెక్క చెప్పినచో, వెంటనే ఎదుటివాని పేరడుగుడు.

రెండవ ప్రశ్న: వయస్సెంత? ఇది అన్నిటికంటె ముఖ్యము, అన్నిటికంటె ఎక్కువ మోసము జరుగు చోటును ఇదే. పదునాలుగేండ్ల వయస్సున ఒకనికి మీసము వచ్చును, మరియొకడు ఇంకను పసివాడుగనే యుండును. ఆ మీసము వచ్చినవాడు అందరికంటె దూరముగా బంతిని కొట్టును. అది నేర్పు కాదు, ముందుగా వచ్చిన బలము. మూడేండ్లలో తక్కినవారును ఆ బలమును పొందుదురు. అప్పుడు వాని ఆధిక్యము మాయమగును. ఒకే వయోవర్గములో కూడ, గడువు తేదీకి వెంటనే తరువాత పుట్టినవాడు, ఏడాది చివర పుట్టినవానికంటె పదకొండు నెలలు పెద్ద. కెనడా దేశమున మంచు మీద ఆడు హాకీ ఆటగాండ్రను పరిశీలించిన విద్వాంసులు ఈ సంగతిని 1985లోనే ప్రకటించిరి. సంవత్సరపు తొలి నెలలలో పుట్టినవారే జట్లలో అధికముగా నుండిరి. దేవుడు జనవరిలో పుట్టినవారికి నేర్పు ఎక్కువగా ఇచ్చుట చేత కాదు. చిన్ననాడు వారు కొంచెము పెద్దవారై కనుపించుటచేత ఎంపికైరి, ఎంపికైనందున మంచి శిక్షణ పొందిరి.

ఆకుమడిలో పొడుగ్గా నున్నదంతయు మంచి ఆకు కాదు గదా. ముదిరిన ఆకు మడిలో నిక్కి కనుపించును. ఊడ్చిన తరువాత పిలకలు వేయదు. ఆటలో కూడ ముదురు ఆకు చూచి మోసపోవువారు పెక్కుమంది.

ఈ సందర్భముననే మరియొక మాట గట్టిగా చెప్పవలసి యున్నది. కొందరు తండ్రులు, కొందరు శిక్షకులు, పిల్లవాని పుట్టిన తేదీని మార్చి, రెండేండ్లు తగ్గించి వ్రాయింతురు. ఇది చిన్న తప్పు కాదు. క్రికెట్టు బోర్డువారు 16 ఏండ్లలోపు బాలుర మణికట్టు ఎముకకు ఎక్స్‌రే తీయించి వయస్సు తేల్చుచున్నారు. పట్టుబడినవాడు ఆటకు దూరమగును. పట్టుబడకున్నను నష్టము వానిదే. చిన్నవారి మీద గెలిచి గెలిచి, తనకు లేని నేర్పు ఉన్నదని నమ్మును. పై మెట్టుపై తన యీడువారు ఎదురైన దినమున కూలిపోవును. అదియుగాక, వాడు అక్రమముగా ఆక్రమించిన చోటు, నిజముగా పదునాలుగేండ్లు గల వేరొక బీద బిడ్డది. జనన ధ్రువపత్రము కొరకు తండ్రి మీ సంతకము, మీ సాక్ష్యము అడుగ వచ్చినప్పుడు ఈ సంగతి తలచుకొనుడు.

మూడవ ప్రశ్న: పిల్లవానిలో ఉన్నదేమి? ఇంక పెరుగవలసినదేమి? అమెరికాలో ఆటగాండ్రను పరీక్షించువారు 20 మొదలు 80 వరకు మార్కులు వేయుదురు. 50 అనగా పెద్ద జట్టులోని సామాన్యుని శక్తి. బంతిని తగులనిచ్చుట, బలముగా కొట్టుట, పరుగెత్తుట, బంతిని పట్టుట, విసరుట అను అయిదింటికి వేరువేరుగా వేయుదురు. అందులో మనము నేర్చుకొనవలసినది ఒకటి కలదు. ఒక్కొక్క దానికి వారు రెండు మార్కులు వేయుదురు: నేటిది, రేపటిది. నేడు 30 ఉన్నవాడు పెరిగి 55 కాగలడా, లేక నేడు 45 ఉన్నవాడు అక్కడనే ఆగిపోవునా అని విచారింతురు. మన గ్రామములలో నేటి మార్కు ఒక్కటియే చూచుచున్నాము. గెలిచెనా, ఓడెనా అనియే అడుగుచున్నాము. గెలుపు నేటి మార్కు. అడుగు వేయు తీరు, చూపు నిలకడ, ఒకే కదలికను వందసార్లు ఒకే రీతిగా చేయగలుగుట, ఇవి రేపటి మార్కునకు గుర్తులు.

ఒక్క శక్తియే చాలదనుటకు మన దేశపు నిదర్శనము కలదు. 2008లో అమెరికా నుండి వచ్చి, బంతిని వేగముగాను గురిగాను విసరగల యువకుల కొరకు భారతదేశమంతట పోటీ పెట్టిరి. ఉత్తర ప్రదేశమునకు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అను ఇరువురు యువకులు ఎంపికైరి. వారు బల్లెము విసరువారు; బేస్‌బాల్ అంతకుముందు ఎరుగరు. ఆ సంవత్సరముననే పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టువారు వారిని తమ క్షేత్రములో చేర్చుకొనిరి. వారి ధైర్యము మెచ్చదగినది. భాష రాని దేశమునకు పోయి, తెలియని ఆటను నేర్చుకొని, చిన్న జట్లలో నిజముగా ఆడిరి. అయినను పెద్ద జట్టు మెట్టు ఎక్కలేకపోయిరి. భుజబలమొక్కటి చూచి ఎంచినచో ఇంతవరకు రావచ్చును. చిన్ననాటి నుండి పదేండ్లు ఆడగా వచ్చు తెలివి వేరు.

నాలుగవ ప్రశ్న: ఈ బిడ్డ మారగలడా? చెప్పినది విని, తన ఆటను సవరించుకొనగలడా? నా యెరుకలో ఇది తక్కిన ప్రశ్నలన్నిటికంటె లోతైనది. మన ప్రాంతము నుండియే నిదర్శనములు చూడుడు. కిదాంబి శ్రీకాంత్ గారు రావులపాలెములో జన్మించి గుంటూరి వారుగా పేరుపొందిరి. బాడ్మింటన్‌లో మొదట ఆయన జంట ఆటలవాడు. 2011 కామన్వెల్తు యువ క్రీడలలో ఆయన పొందిన పతకములును జంట ఆటలలోనివే. పుల్లెల గోపీచంద్ గారు ఆయనను ఒంటరి ఆటకు మరల్చిరి. 2014లో చైనా ఓపెన్ తుదిపోటీలో లిన్ డాన్ అంతటివానిని ఓడించెను. 2017లో ఒక్క యేడాదిలో నాలుగు సూపర్ సిరీస్ పోటీలు గెలిచెను. 2018 ఏప్రిల్‌లో ప్రపంచమున మొదటి స్థానము నందుకొనెను. జంట ఆటల లెక్క చూచి ఇంతేనని తీర్పు చెప్పినవారుండినచో, వారి తీర్పు ఏమై యుండెడిది?

అమలాపురమునకు చెందిన రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ గారిని మీరందరు ఎరుగుదురు. 2000 సంవత్సరము ఆగస్టులో జన్మించెను. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. 2014లో గోపీచంద్ గారి శిక్షణాలయమున చేరెను. తరువాత మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హెర్ గారు ఆయనను ముంబయి యువకుడు చిరాగ్ శెట్టితో జత కలిపిరి. ఇరువురును వెనుక నుండి బలముగా కొట్టువారే. ముందు నిలిచి వల దగ్గర ఆడువాడు లేడు. ఒక కాడికి రెండు వలపటెద్దులు కట్టినట్లయ్యెను. అట్టి జత నిలుచుట కష్టము. ఇరువురును తమ ఆట మార్చుకొనిరి. ఒకరి చోటు నొకరు నేర్చుకొనిరి. 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో వారు కలరు. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో, బాడ్మింటన్‌లో భారతదేశమునకు మొట్టమొదటి స్వర్ణము తెచ్చిరి. ఆ అక్టోబరు నెలలోనే ప్రపంచపు మొదటి జంట అయిరి. అదే యేడాది జపానులో జరిగిన పరీక్షలో సాత్విక్ గారు కొట్టిన దెబ్బ వేగము గంటకు 565 కిలోమీటర్లుగా నమోదైనది. ఆ వేగమును యంత్రము కొలిచినది. చోటు మార్చుకొని నేర్చుకొను గుణమును ఏ యంత్రమును కొలువజాలదు. దానిని కండ్లతో కనిపెట్టవలసినదే.

దానిని కనిపెట్టుటకు ఉపాయము సులభము. పిల్లవాని ఆట ఒకనాడు చూడుడు. వాని తప్పు ఒకటి గుర్తించి, పంతులుగారి చేత చెప్పింపుడు. ఆరు వారముల తరువాత మరల పోయి చూడుడు. తప్పు పోయినదా, తగ్గినదా, అట్లే యున్నదా? గెలుపోటముల కంటె ఈ ఆరు వారముల తేడా మీకు ఎక్కువ సంగతి చెప్పును.

అయిదవది ప్రశ్న కాదు, నియమము. ఒక్కనాటి ఆట చూచి తీర్పు చెప్పరాదు. 2012 ఆగస్టులో మన దేశపు 19 ఏండ్లలోపు బాలురు ఆస్ట్రేలియాలో ప్రపంచ కప్పు గెలిచిరి. తుదిపోటీలో నాయకుడు ఉన్ముక్త్ చంద్ గారు 111 పరుగులు చేసి అజేయుడై నిలిచెను. దేశమంతయు ఆయన పేరే జపించెను. అయినను ఆయన భారతదేశపు పెద్ద జట్టులో ఒక్క ఆటయు ఆడలేదు. అది ఆయన లోపమని నేననను. ఒక్క దినపు వెలుగు ముందు దారినంతటిని చూపలేదని మాత్రమే నా భావము. అదే జట్టులో కాకినాడలో పుట్టిన హనుమ విహారి గారు కలరు. ఆనాడు ఆయన పేరు ఎత్తినవారు కొద్దిమంది. ఆరేండ్లు దేశవాళీ మైదానములలో పరుగులు కూడబెట్టి, 2018 సెప్టెంబరులో లండనులోని ఓవల్ మైదానమున టెస్టు జట్టులో ప్రవేశించి, తొలి ఆటలోనే 56 పరుగులు చేసెను. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరము తెగి, పరుగెత్తలేని స్థితిలో 161 బంతులను ఎదుర్కొని 23 పరుగులతో నిలిచి, అశ్విన్ గారితో కలిసి ఓటమిని ఆపెను. ఇరువదిమూడు పరుగులను లెక్కల పుస్తకము చూచినచో ఏమున్నది? చూచినవారికి తెలియును.

పెద్ద పెద్ద పరీక్షకులకును కన్ను తప్పును. అమెరికాలో ప్రతియేట కొత్తవారిని వరుసగా ఎంచుకొందురు. 1988లో మైక్ పియాజా అను యువకుడు 1,390వ వాడుగా ఎన్నబడెను. అదియును ఒక కుటుంబ మిత్రుని మాట మన్నించి. క్రింది మెట్లలో ఆయన తన చోటు మార్చుకొని, మన వికెట్ కీపరు వంటి పని నేర్చుకొని, 1993లో ఉత్తమ నూతన క్రీడాకారుడయ్యెను. 2016లో ఆ యాటలోని మహనీయుల మందిరమున స్థానము పొందెను. 1999లో 402వ వాడుగా ఎన్నబడిన ఆల్బర్ట్ పుహోల్స్, 2022లో ఆట విరమించునాటికి బంతిని ఆవరణ దాటించిన దెబ్బలు 703. ఇట్టివారు అరుదు; ప్రతి 1,390వ వాడును పియాజా కాడు. కాని పట్టికలో చివర నున్నవానిని కూడ మైదానమున చూడక త్రోసివేయరాదని దీనివలన తెలియును.

మన మారుటేరు వరి పరిశోధన స్థానము 1925లో ఏర్పడెను. అక్కడ ఒక కొత్త రకమును ఒక పంట చూచి రైతుల చేతికీయరు. అనేక సంవత్సరములు, అనేక నేలలలో, ముంపులోను ఎండలోను, తెగుళ్ల నడుమను చూచెదరు. 1982లో విడుదలైన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, అట్టి పరీక్షలలో నిలిచి, మన రాష్ట్రము దాటి తూర్పు భారతమంతట వ్యాపించినది. వరికి ఇంత ఓర్పు చూపు మనము, బిడ్డ విషయమున ఒక ఆదివారపు పోటీతో తీర్పు చెప్పుట న్యాయమా?

ఇక మనము అసలు చూడనివారి మాట. పైన చెప్పిన రికీగారే 1945లో జాకీ రాబిన్సన్ అను నల్లజాతి ఆటగానిని బ్రూక్లిన్ జట్టు పక్షమున చేర్చుకొని, 1946లో మాంట్రియల్ లోని చిన్న జట్టులో ఆడించి, 1947 ఏప్రిల్‌లో పెద్ద జట్టులో నిలిపెను. అంతకు ముందు కొన్ని దశాబ్దములుగా ఆ దేశపు పెద్ద జట్లు నల్లవారిని రానీయలేదు. వారిలో ఆటగాండ్రు లేక కాదు, చూడకుండుటచేత. మన మడిలో చూడక విడిచిన మూలలేవి? సముద్రపు ఒడ్డున మత్స్యకారుల పాలెములు, లంక గ్రామములు, ఊరి చివరి పేటలు. అన్నిటికంటె ముందు, ఆడపిల్లలు. మారుటేరు గ్రామమునకే చెందిన సత్తి గీత గారు 2006లో దోహా ఆసియా క్రీడలలో 4×400 మీటర్ల పరుగు పందెమున స్వర్ణము గెలిచిన నలుగురిలో ఒకరు. ఆడపిల్ల పరుగు పదునారేండ్లకు ఇంకను పెరుగుచునే యుండగా, పెండ్లి మాటలు మొదలగును, ఆట ఆగిపోవును. ఆ పిల్లకు శక్తి లేదని ఎవరును పరీక్షించి చెప్పరు. పరీక్షయే జరుగదు. పెద్దలు ఒక్కమాట అడ్డువేసి, రెండేండ్లు ఆగుడనినచో చాలును.

ఇప్పుడు తొలుత చెప్పిన తండ్రి ప్రశ్నకు వత్తము. అరెకరము తాకట్టు పెట్టవచ్చునా? నా సలహా: పెట్టరాదు. క్రింది మెట్టు మీద నున్న వేలమందిలో పై మెట్టు చేరువారు అతి కొద్దిమంది. ఎంత చక్కగా తూచినను ఈ సంగతి మారదు. కావున బిడ్డకు ఆట ఈయవలెను, చదువు తీసివేయరాదు. రైల్వేల వంటి సంస్థలు క్రీడాకారులను ఉద్యోగములలో చేర్చుకొనును. దానికిని చదువు పత్రము కావలెను. భూమి అమ్మినచో ఆట పిల్లవానికి ఆటగా ఉండదు, అప్పుగా మారును. ప్రతి ఓటమిలోను వానికి తండ్రి పొలము కనుపించును. ఆ బరువుతో ఎవడును స్వేచ్ఛగా బంతిని కొట్టలేడు. ఇంత సొమ్మిచ్చినచో జట్టులో చోటిప్పింతు మని వచ్చు మధ్యవర్తులను గడప దాటనీయకుడు. నిజముగా విలువ గల పిల్లవానిని ఎంచువారు వాని నుండి సొమ్ము అడుగరు. పెరుగు వయస్సున మోచేయి, భుజము, నడుము నొప్పియని బిడ్డ చెప్పినచో, పోటీ దగ్గరపడినదని నొప్పి మీద ఆడింపక, వైద్యునికి చూపుడు. ఒక కప్పు కొరకు ఒక చేయి పోగొట్టుకొనరాదు.

చివరకు ఒక కార్యక్రమము సూచించి విరమించెదను. ప్రతి గ్రామమున పాఠశాలలో ఒక పుస్తకము తెరువుడు. పాతిక రూపాయల నోటు పుస్తకము చాలును. బిడ్డ పేరు, నిజమైన పుట్టిన తేదీ, ఆట జరిగిన చోటు, ఎదుటివారెవరు, ఏమి చేసెను, ఏ తప్పు కనుపించెను, ఆరు వారములకు ఆ తప్పు ఏమయ్యెను, అని వ్రాయుడు. మగపిల్లలకు వలెనే ఆడపిల్లలకును ఒక పుట కేటాయింపుడు. వ్యాయామోపాధ్యాయులు బదిలీ యగుచుందురు. మీరు ఊరిలోనే యుందురు. మూడేండ్లు ఆ పుస్తకము సాగినచో, జిల్లా నుండి ఎంచువారు వచ్చినప్పుడు వారి చేతికీయుటకు ఒక పొగడ్త గాక, ఒక ఆధారము మీ వద్ద నుండును. తండ్రి మీ అరుగు మీదికి వచ్చి అడిగినప్పుడును, పుస్తకము తెరచి చూచి, ఈ బిడ్డ నిరుటికంటె ఈయేడు ఎంత పెరిగెనో చెప్పగలరు. ఆ పుటను బట్టి పంపుమని గాని, ఇంకొక యేడు ఆగుమని గాని చెప్పుడు.